ఎడమకాలి బొటనవేలు

నానయ్ పాసింగ్ బేసిన్‌లో ముఖం పెట్టింది. ఎల్డర్ కటుబాయ్ ఎనిమిది లెక్కపెట్టేసరికి అతనికే ఊపిరాడలేదు. మునక ఆవిడది, ఆయాసం ఇతనిది.

"పది దాకా అన్నావుగా?" అంది ఆవిడ తలెత్తి. ముక్కు మీంచి, గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎనిమిది చాలు నానయ్. అసలు రోజున నీళ్ళలో ఉండేది రెండు క్షణాలే."

"రెండు క్షణాల పనికి ఎనిమిది దాకా ఎందుకు లెక్కపెట్టించావు మరి?"

"భయం పోవడానికి."

"భయం ఎక్కడికీ పోలేదు దోంగ్. రవికే తడిసిపోయింది."

ఆ తీరంలో తల్లి వయసు ఆడవాళ్ళని నానయ్ అని, కుర్రాళ్ళని దోంగ్ అని పిలుస్తారు. కాబట్టి అతన్ని ఎవరూ తిట్టడం లేదు. పంతొమ్మిదేళ్ళవాడు, కొండ మీద మొక్కజొన్న పండించే ఇంటి నుంచి నాలుగు నెలల కిందట మతప్రచార సేవకి వచ్చాడు. జేబు మీద పేరు రాసిన నల్ల బిళ్ళ పెట్టుకున్న రోజు నుంచీ ఎల్డర్ అయ్యాడు. ఎల్డర్ అంటే పెద్ద. మీసాలు ఇంకా మొలవాలా వద్దా అని ఆలోచిస్తుండగానే పెద్దరికం మొలిచేసింది. పేరు కటుబాయ్. పేరుకు తగ్గట్టు కట్టుబాటు మనిషి. ఆరున్నరకి లేవడం, మోకాళ్ళ మీద ప్రార్థన, రెండు గంటలు చదువు, తెల్లచొక్కా ఇస్త్రీ, ఏ క్షణంలోనూ తోటి ఎల్డరు కంటికి దూరం కాకపోవడం. ఈ చివరిదే అన్నిటికన్నా గట్టి నియమం. స్నానాల గదికి తప్ప ఎక్కడికైనా ఇద్దరే.

ఆ రెండోవాడు ఎల్డర్ హ్యాడ్లాక్, అమెరికాలో బంగాళాదుంపలు పండించే ఐడహో నుంచి. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. ఇళ్ళలోకి జాగ్రత్తగా వంగి వచ్చేవాడు, వెళ్ళేటప్పుడు మర్చిపోయి గుమ్మాన్ని నుదుటితో పలకరించేవాడు. రెండేళ్ళ సేవ వచ్చే మంగళవారంతో పూర్తవుతుంది. ఇక్కడి భాషని శిక్షణ కేంద్రంలో పుస్తకం పెట్టి నేర్చుకున్నాడేమో, అది పుస్తకంలోంచి ఇంకా బయటికి రాలేదు.

"నానయ్, మీ యొక్క విశ్వాసమును గాంచి నా హృదయము మిక్కిలి ఉప్పొంగుచున్నది" అన్నాడు.

"ఈయన నోరు తెరిస్తే మేయరు గారి శిలాఫలకం చదివినట్టుంటుంది" అంది పాసింగ్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. తెల్లవారుజామున బియ్యప్పిండి రొట్టెలు ఆవిరి మీద ఉడికించి బజార్లో అమ్ముతుంది. ఎడమ మోకాలు వంగదు. కొన్నేళ్ళ కిందటి పెద్ద తుఫానులో ఎగిరొచ్చిన రేకు తగిలింది. అదే పూట సముద్రం వాకిట్లోకి వచ్చి ఆవిడ మొగుణ్ణి తీసుకెళ్ళింది. తర్వాత ఇల్లు మళ్ళీ కట్టుకున్నప్పుడు వాకిలిని రోడ్డు వైపు తిప్పించింది. సముద్రం వైపు ఒక్క కిటికీ కూడా లేదు. గోడకి అవతల నలభై అడుగుల దూరంలో అలలు కొట్టుకుంటున్నా, ఇన్నేళ్ళలో ఆవిడ ఆ ఇసకలో కాలు పెట్టలేదు.

బాప్తిస్మం శనివారం. పది రోజుల కింద గ్లాసుతో మొదలుపెట్టారు. తర్వాత చెంబు, ఆ తర్వాత బేసిను. మధ్యలో కాఫీ మాన్పించారు. సంఘంలో చేరేవాళ్ళు కాఫీ ముట్టకూడదు. యాభై ఏళ్ళ అలవాటు కదా, మొదటి మూడు రోజులూ ఆవిడకి తలనొప్పి. ఇప్పుడు బియ్యాన్ని నల్లగా మాడ్చి మరిగించి తాగుతోంది.

"దేవుడికి కాఫీ గిట్టదా, లేక నేను తాగడం గిట్టదా?" అని అడిగింది.

"ఇది విధేయతకు సంబంధించినటువంటి విషయము" అన్నాడు హ్యాడ్లాక్.

"నేను కాఫీ గురించి అడిగాను నాయనా."

వెళ్ళేటప్పుడు పెరట్లోంచి మునగాకు దూసి ఇద్దరికీ చెరో పొట్లం ఇచ్చింది. ఆ ఇంట్లో మునగా మునకా రెండూ ఏపుగానే సాగుతున్నాయని కటుబాయ్ అనుకున్నాడు. హ్యాడ్లాక్ గుమ్మానికి తల కొట్టుకున్నాడు.

*

మున్సిపాలిటీ నీళ్ళు మంగళ, గురు, శనివారాల్లోనే వస్తాయి. ప్రార్థనాలయం వెనక గదిలో పలకలు పరిచిన తొట్టి ఉంది, నడుములోతు. కటుబాయ్ శనివారం ఉదయం ఎనిమిదికే దాంట్లోకి దిగాడు. మూలన కాపురం పెట్టిన కప్పని కాగితంలో ఎత్తి బయట వదిలాడు. సబ్బుపొడి వేసి బ్రష్‌తో మెట్లన్నీ రుద్దాడు. తర్వాత గొట్టం పెట్టాడు. గొట్టం సన్నది, ధార అంతకన్నా సన్నది. పన్నెండున్నరకి నీళ్ళు మోకాలు దాటలేదు. ఇద్దరూ చొక్కాలు విప్పి, పక్కింటి చేతిపంపు నుంచి బకెట్లు మోశారు. ఒంటి గంటా నలభైకి తొట్టి నిండింది. ఇద్దరి అరచేతులూ ఎర్రగా కందిపోయాయి.

అప్పుడే ఫోనొచ్చింది, ఎల్డర్ల మీద ఉండే పై నాయకుల నుంచి. వెళ్ళిపోయే వారంలో కూడా బాప్తిస్మమా, నువ్వు అందరికీ ఆదర్శం అంటూ హ్యాడ్లాక్‌ని మునగచెట్టు ఎక్కించారు. అసలే పొడుగు మనిషి. దిగడానికి కాస్త టైము పట్టింది.

రెండు గంటలకి ఇరవైమూడు మంది వచ్చారు. ఒక మీట మూగబోయిన కీబోర్డు మీద పాట మొదలైంది. తెల్లగౌనులో నానయ్ పాసింగ్ మెట్ల మీద నిలబడి రెండు చేతులతోనూ కమ్మీని పట్టుకుంది. నీళ్ళలోంచి హ్యాడ్లాక్ చెయ్యి చాచాడు. తొట్టికి ఈ పక్క కటుబాయ్, ఆ పక్క ప్రెసిడెంట్ అర్సిల్యా, ఇద్దరూ సాక్షులు. అర్సిల్యా మామూలు రోజుల్లో ఆటోలాంటి ట్రైసికిల్ నడుపుతాడు, ఆదివారం ఊళ్ళో ఉన్న సంఘాన్ని నడుపుతాడు. రెండింట్లోనూ చోటుకి మించి ఎక్కించుకునే రకం. అందర్నీ చనువుగా పలకరిస్తాడు.

సాక్షుల పని ఒక్కటే, చూడటం. మనిషి నీళ్ళలో పూర్తిగా మునగాలి. జుట్టు కొస, గౌను అంచు, గోరు, ఏదీ పైన మిగలకూడదు. మిగిలితే మళ్ళీ మొదటి నుంచి.

హ్యాడ్లాక్ కుడిచెయ్యి ఎత్తాడు, ప్రార్థన చెప్పాడు, ఆవిడని వెనక్కి వాల్చాడు. వంగని ఎడమకాలు ఏతంమాను అవతలి కొసలా మోకాలి దాకా పైకి లేచింది. ఇద్దరు సాక్షులూ తల అడ్డంగా ఊపారు. నీళ్ళలోంచి వస్తూనే ఆవిడ దగ్గింది, కమ్మీ కోసం గాలిలో తడుముకుంది, ఎగిసిన నీళ్ళు అర్సిల్యా కళ్ళజోడు మీద పడ్డాయి.

"ఇంకొక్క పర్యాయము, నానయ్" అన్నాడు హ్యాడ్లాక్ మెల్లగా.

ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు మూసుకుంది. రెండోసారి దించాడు. ముఖం మునిగింది, భుజాలు మునిగాయి, మోకాలు మునిగింది. నీళ్ళ మీద ఒక్కటే మిగిలింది, ఎడమకాలి బొటనవేలు. రొట్టెల పొయ్యి దగ్గర కాలి మచ్చపడిన గోరుతో సహా కటుబాయ్‌కి అది స్పష్టంగా కనబడింది. మునగలేదు. ఆవిడ పైకి లేచింది.

ఈసారి దగ్గు ఆగలేదు. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో నవ్వుతున్నారు. అర్సిల్యా చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుంటూ కటుబాయ్ వైపు తిరిగాడు.

"నా కళ్ళజోడు మునిగింది దోంగ్. ఆవిడ సంగతి నువ్వే చెప్పాలి."

నీళ్ళలోంచి హ్యాడ్లాక్ చూశాడు. ఆవిడ వెన్ను మీద అతని చెయ్యి ఉంది. పాట పాడేవాళ్ళు నోళ్ళు తెరిచి ఆగారు.

కటుబాయ్ మునిగిందన్నట్టు తల ఊపాడు. ఆవిడ నీళ్ళలో ఉన్నంత సేపు కూడా పట్టలేదు. పాట అందుకున్నారు.

*

నాలుగు గంటలకి ఇద్దరూ గది వెనక పంపు దగ్గర తెల్లబట్టలు ఉతుకుతున్నారు. కటుబాయ్ చెక్కతో కొడుతున్నాడు, హ్యాడ్లాక్ పిండుతున్నాడు. తీగ మీద అప్పటికే గౌను ఆరుతోంది.

"ఎల్డర్" అన్నాడు కటుబాయ్, "వేలు మునగలేదు."

"ఏ వేలు?"

"నానయ్ ఎడమకాలి బొటనవేలు. రెండోసారి."

హ్యాడ్లాక్ పిండుతున్న చొక్కాలో ఒక్క చుక్క కూడా మిగల్లేదు, అయినా పిండుతూనే ఉన్నాడు. కటుబాయ్‌తో అతను పుస్తకంలా మాట్లాడడు. ఇద్దరి మధ్యా ఇంగ్లీషే, అది అతనికి ఇంటి భాష, కటుబాయ్ కి బడి భాష.

"ప్రెసిడెంట్ చూశాడా?"

"లేదు."

"నువ్వు తల ఊపావుగా?"

"ఊపాను."

"మరి ఇంకేంటి? మనిషంతా మునిగి వేలొక్కటి మిగిలితే, దేవుడు ఆ వేలు పట్టుకుని ఆవిణ్ణి బయటికి లాగేస్తాడా?"

"ఆయనేం చేస్తాడో నాకు తెలీదు. చూడమని అక్కడ నిలబెట్టింది నన్ను."

"ఎలా దగ్గిందో కూడా చూశావుగా. మూడోసారి అంటే ఆవిడ ఇంకెప్పుడూ మన గుమ్మం తొక్కదు. ఇలాంటి దాంట్లో వేలు పెట్టకు ఎల్డర్."

"నేను పెట్టలేదు. అది పైకొచ్చింది."

హ్యాడ్లాక్‌కి నవ్వు రాలేదు. చొక్కాని తీగ మీద విసిరాడు. "రేపు తొమ్మిదింటికి ఆవిడ తలమీద చేతులు పెట్టి సభ్యురాలిగా చేర్చుకుంటారు. మంగళవారం నేను వెళ్ళిపోతాను. ఆ తర్వాత నీ ఇష్టం, కొత్త ఎల్డర్ని వెంటబెట్టుకుని వెళ్ళి చెప్పుకో."

"చేర్చుకోక ముందే చెప్పాలి. నేనొక్కణ్ణీ వెళ్ళకూడదు. మీరు రావాలి."

"నేను రాను."

ఆ మాటతో, ఇద్దరూ కలిసే వెళ్ళాలన్న నియమం తాళంచెవిలా కటుబాయ్ జేబులోంచి హ్యాడ్లాక్ జేబులోకి వెళ్ళిపోయింది. ఇక చెక్కతో కొట్టడానికి బట్టలేమీ మిగల్లేదు. అతను ఉత్తి రాతిమీదే రెండు దెబ్బలు వేసి, చెక్క గోడకి ఆనించాడు.

*

ఆదివారం ఆరున్నరకి కటుబాయ్ మంచం పక్కన మోకాళ్ళూనాడు. రోజూ చెప్పే వరస ఉంది. కృతజ్ఞతలు, అమ్మానాన్నా, తమ్ముళ్ళు, మొక్కజొన్న, ఈ ఊరు, వినేవాళ్ళ మనసులు. కంఠతా వచ్చు కాబట్టి మూడు నిమిషాల్లో అయిపోయేది. ఇవాళ నోరు తెరిస్తే ఆ వరసలో ఒక్కటీ రాలేదు.

"తండ్రీ, చూశాను" అన్నాడు.

అలాగే ఉండిపోయాడు. జవాబు వస్తుందని కాదు, లేవడానికి ఏ వంకా దొరక్క. సిమెంటు నేల మీద మోకాలి చిప్పలు నొప్పెట్టాయి. నాలుగు నెలల్లో ఇంత సేపు మోకాళ్ళ మీద ఉన్నది ఇదే మొదటిసారి, ఇంత తక్కువ మాట్లాడిందీ ఇదే.

లేచి చొక్కా తొడుక్కున్నాడు, టై కట్టాడు, బిళ్ళ పెట్టుకున్నాడు. వెళ్ళి గేటు తీశాడు. గేటు పట్టాలకి ఇవతలే నిలబడ్డాడు, బూటు మొన పట్టాని తాకేలా. దాటితే నియమం తప్పినట్టు. లోపలికి వెళ్తే నిన్న ఊపిన తల మళ్ళీ ఊపినట్టు. రొట్టెల బండి వెళ్ళింది. కోడిపుంజుల్ని చంకన పెట్టుకుని ఇద్దరు వెళ్ళారు. వాళ్ళలో ఒకడు "ఎవరికోసం దోంగ్?" అని పలకరించాడు. ఇన్నాళ్ళూ చల్లగా వినబడ్డ ఆ పిలుపు ఇవాళ మాత్రం చివర ఒక అక్షరం కలుపుకుని చెవిలో పడింది.

ఇరవై నిమిషాలు గడిచాయి. వెనక నుంచి చప్పుడు. హ్యాడ్లాక్ మెట్టు మీద కూర్చుని బూటు లేసులు కట్టుకుంటున్నాడు. ఒక్కోటీ రెండుసార్లు ముడివేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆవిడకి నువ్వే చెప్పాలి" అన్నాడు. లేచి, అతన్ని దాటుకుని ముందు నడిచాడు.

*

నానయ్ పాసింగ్ ఇంటి వాకిట్లోకి రాగానే ఇద్దరికీ వాసన తగిలింది. అది మాడిన బియ్యం వాసన కాదు. అసలైన కాఫీ.

ఆవిడ పొయ్యి ముందు పీట మీద, వంగని కాలు చాపుకుని కూర్చుంది. గిన్నె మూత కింద నల్లగా ఉడుకుతోంది. వీళ్ళని చూసి దాచలేదు, లేవనూలేదు. ఆదివారం గౌను గోడమేకుకి వేలాడుతోంది, ఇంకా తొడుక్కోలేదు.

"నానయ్" అన్నాడు కటుబాయ్. నిలబడే చెప్పాడు. "నిన్న రెండోసారి మీ ఎడమకాలి బొటనవేలు మునగలేదు. నేను చూశాను. చూసి, మునిగిందని తల ఊపాను. అది అబద్ధం."

పాసింగ్ గరిటెతో కాఫీ కలిపింది.

"తెలుసు" అంది.

హ్యాడ్లాక్ తల ఎత్తబోయి దూలానికి కొట్టుకున్నాడు.

"ఒళ్ళంతా నీళ్ళే. అదొక్కటీ పొడిగా ఉంది, గాలి తగుల్తోంది. నా వేలు సంగతి నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేం నానయ్?"

"నేను మునిగే పనిలో ఉన్నాను. చూసే పని మీది." గరిటె పక్కన పెట్టింది. "మీరు చెప్తారని నిన్న సాయంత్రం దాకా చూశాను. పది రోజులు కూచోబెట్టి అబద్ధం ఆడకూడదు, కాఫీ తాగకూడదు అని చెప్పారు. పొద్దున్న లేచి అనుకున్నాను, మొదటిది వాళ్ళే వదిలేశారు, రెండోది నేనెందుకు పట్టుకు వేలాడాలి అని."

పొయ్యి మీద కాఫీ గుసగుసలాడుతోంది.

"మరి సంఘానికి రారా?" అని అడిగాడు కటుబాయ్.

"రాకూడదనే గౌను తొడుక్కోలేదు." పక్కకి చూసింది. "నీకేమైంది, శిలాఫలకం? నోట్లోంచి అక్షరం రాలడం లేదు."

హ్యాడ్లాక్ నుదురు రుద్దుకుంటూ నేల మీద చతికిలబడ్డాడు. కూర్చున్నా ఆవిడ కన్నా ఎత్తుగానే ఉన్నాడు. "క్షమించవలెను" అని ఆగాడు. "నేను చెప్పొద్దన్నాను. మీరు భయపడుదురని. కాదు, మీ కోసం కాదు. నా కోసము."

పాసింగ్ అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత గిన్నె చెవులు గుడ్డతో పట్టుకుని, కుంటుకుంటూ పెరటి గుమ్మం దాకా వెళ్ళి, కాఫీ మొత్తం మునగచెట్టు మొదట్లో పోసింది.

"పదండి. అర్సిల్యాని లేపండి" అంది.

*

అర్సిల్యా గడ్డానికి నురగతోనే నానయ్ వాకిట్లోకి వచ్చాడు. అంతా విన్నాడు. ఎవర్నీ ఏమీ అనలేదు, తన కళ్ళజోడు తీసి దాని వంక మాత్రం కోపంగా చూశాడు.

"మళ్ళీ చెయ్యాలి, అంతే. కానీ తొట్టి నిన్న సాయంత్రమే ఖాళీ చేశాను, దోమలు గుడ్లు పెడతాయని. నీళ్ళు మళ్ళీ మంగళవారమే. పంపు నుంచి మోస్తే మధ్యాహ్నం దాటుతుంది. మంగళవారం దాకా ఆగు నానయ్."

"మంగళవారం పొద్దున్నే వీడి బస్సు" అంది పాసింగ్ హ్యాడ్లాక్‌ని చూపిస్తూ. "వీడు చూడాలి."

ఆవిడ తన ఇంటి వెనక గోడ వైపు తిరిగింది. కిటికీ లేని గోడ. దాని అవతల అలల చప్పుడు.

"అక్కడ నీళ్ళున్నాయిగా" అంది. "నా వేలికి సరిపడా."

అర్సిల్యా నురగ తుడుచుకున్నాడు. "నీకు సముద్రం…"

"నాకు తెలుసు. నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు."

ఎనిమిదికి నలుగురూ ఇసకలో ఉన్నారు. నిన్నటి గౌను ఇంకా చెమ్మగానే ఉంది, అదే తొడుక్కుంది. కటుబాయ్‌కి ప్రార్థనాలయంలోని తెల్లబట్టలు పొట్టివయ్యాయి. ఇంతవరకూ అతను ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. "నిజం చెప్పినవాడే ముంచాలి" అంది ఆవిడ. అర్సిల్యా కళ్ళజోడుకి తాడు కట్టుకుని ఒక పక్క నిలబడ్డాడు. రెండో పక్క హ్యాడ్లాక్, ప్యాంటు మడిచి, మోకాలి లోతులో.

మొదటి అల ఆవిడ పాదాల మీదకి వచ్చింది. ఆవిడ కటుబాయ్ మణికట్టు పట్టుకుంది. పొయ్యిగిన్నెలు పట్టే చేతులు, అతని ఎముక నొక్కుకుపోయింది. ఒక్కో అలకి ఒక్కో అడుగు. నడుము లోతుకి చేరడానికి చాలాసేపు పట్టింది. అతను తొందరపెట్టలేదు.

"ఆ కాలు మళ్ళీ లేస్తుంది" అంది ఆవిడ. "నీ పాదం నా పాదం మీద పెట్టు."

"నానయ్, పెద్దవాళ్ళని కాలితో…"

"నువ్వే కదా పెద్ద. బిళ్ళ మీద రాసుంది. తొక్కు."

తొక్కాడు. ఇసకలో ఆవిడ పాదం చల్లగా, మెత్తగా తగిలింది. కుడిచెయ్యి ఎత్తాడు, ఆవిడ పూర్తిపేరు పలికాడు, ప్రార్థన చెప్పాడు. ఒక్క మాటా తప్పలేదు. వెనక్కి వాల్చాడు. సముద్రం ఆవిడ ముఖం మీద మూసుకుంది. లేపాడు.

ఆవిడ ముక్కు చీదుకుని సాక్షుల వైపు చూసింది. అర్సిల్యా అప్పటికే చిరునవ్వుతో తల ఊపేస్తున్నాడు. ఆ వైపు నుంచి అంతా మునిగినట్టే ఉంది.

హ్యాడ్లాక్ ఊపలేదు.

"మోచెయ్యి నానయ్" అన్నాడు. "ముక్కు మూసుకున్న చెయ్యి. మోచెయ్యి తేలిపోయింది. అవ్వలేదు. మళ్ళీ చెయ్యాలి."

ఒక అల వచ్చి వెళ్ళింది. పాసింగ్ నవ్వింది. నీళ్ళలో నిలబడి, కటుబాయ్ భుజం ఊతగా పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"రెండేళ్ళకి మనిషిలా మాట్లాడాడు" అంది. మోచెయ్యిని పక్కకి ఆనించుకుంది. "కానివ్వు దోంగ్."

ఈసారి అర్సిల్యా కళ్ళజోడు పైకెత్తి చూశాడు. హ్యాడ్లాక్ నడుము వంచి, ముఖం నీళ్ళకి జానెడు దూరంలో పెట్టి చూశాడు.

"మునిగింది" అన్నాడు హ్యాడ్లాక్.

"మునిగింది" అన్నాడు అర్సిల్యా. "ఇక పదండి, తొమ్మిదవుతోంది. అక్కడ పాడటానికి పాటలు అయిపోయుంటాయి."

ఆవిడ కదల్లేదు. ఒడ్డుకి వీపు పెట్టి, నీళ్ళు ఆకాశాన్ని కలిసే చోటు వైపు కాసేపు చూసింది. తర్వాత కటుబాయ్ మణికట్టు వదిలేసింది.

"లెక్కపెట్టు" అంది. తనంత తనే వంగి ముఖం నీళ్ళలో పెట్టింది.

కటుబాయ్ లెక్కపెట్టాడు. పైకి కాదు, పెదాలతోనే. ఆవిడ తెల్లజుట్టు నీళ్ళ మీద పరుచుకుని అలతో పాటు లేచి దిగుతోంది. పక్కన హ్యాడ్లాక్ పెదాలు కూడా కదుల్తున్నాయి.

ఆవిడ తలెత్తింది. కళ్ళలోంచి ఉప్పునీళ్ళు తుడుచుకుంది, ఏ ఉప్పో చెప్పడం కష్టం.

"పది అయిందా?"

"తొమ్మిదే నానయ్" అన్నాడు కటుబాయ్.

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. మెల్లగా తల ఊపింది.